పలకల ఊళ్లో నా చదువు

(సాయంత్రం చదువుల కేంద్రంలో ఒక వాలంటీరు టీచరు చెప్పిన మాటలు ఇవి. ఆ రోజు రాలేకపోయిన వాళ్ల కోసం అచ్చు వేస్తున్నాం. మెల్లగా చదవండి. కష్టమైన మాట వస్తే పక్కన ఉన్నవాళ్లను అడగండి.)



పోయిన వారం మీలో ఒక అక్క నాతో ఒక మాట అంది. "నీకేం టీచరమ్మా! చిన్నప్పటి నుంచి బడికి పోయినదానివి. మా బాధ నీకేం తెలుసు?" అంది. నవ్వుతూనే అంది. నేనూ నవ్వాను. కానీ ఇంటికి పోయినాక ఆ మాట మనసులో తిరుగుతూనే ఉంది. అందుకని ఈ రోజు పాఠం పక్కన పెడదాం. నా చిన్నప్పటి సంగతులు, నా బడి సంగతులు చెబుతాను. నేను ఎట్లా చదువుకున్నానో, ఎవరి వల్ల చదువుకున్నానో మీరే వినండి.

నేను పుట్టింది, పెరిగింది మన మార్కాపురంలోనే. మా ఇల్లు పలకల పని చేసేవాళ్ల వీధిలో ఉంది. నాకు ఇప్పుడు ఇరవై ఐదేళ్లు. టీచరు ట్రైనింగు పూర్తి చేశాను. పగలు బడిలో పిల్లలకు చెబుతాను. సాయంత్రం మీ దగ్గరికి వస్తాను.

మన ఊరికి ఆ పేరు ఎట్లా వచ్చిందో మీకు తెలుసా? మా జేజి చెప్పేది. వెనకటికి ఇక్కడ మారిక అని ఒక గొల్లామె ఉండేదట. పాలు అమ్ముకుని బతికేదట. చెన్నకేశవ స్వామికి భక్తురాలట. ఆమె పేరు మీద ఈ ఊరు మారికాపురం అయింది. జనం నోట్లో నలిగి నలిగి మార్కాపురం అయింది. ఇది పెద్దవాళ్లు చెప్పే కథ. ఎంతవరకు నిజమో గానీ నాకు మాత్రం భలే ఇష్టం. ఎన్ని ఊళ్లకు ఆడమనిషి పేరు ఉంటుంది చెప్పండి? అందులోనూ పాలమ్ముకునే ఆమె పేరు!

మా జేజి చనిపోయేదాకా మనది కర్నూలు జిల్లా అనే అనేది. ఎందుకంటే ఆమె చిన్నప్పుడు అది నిజమే. 1970 దాకా మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలోనే ఉండేవి. ఆ ఏడాది ఒంగోలు జిల్లా అని కొత్తగా వచ్చింది. మనల్ని అందులో కలిపారు. 1972లో ఆ జిల్లాకు టంగుటూరి ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు. మన మాటలో అటు కర్నూలు యాస, ఇటు ఒంగోలు యాస రెండూ కలిసి వినపడేది అందుకే. ఒంగోలు వాళ్లు నా మాట విని "మీది ఏ ఊరమ్మా?" అని అడుగుతారు. కర్నూలు వాళ్లూ అట్లాగే అడుగుతారు.

సరే, పలకల సంగతికి వద్దాం.

మార్కాపురం పలక అంటే మన దేశంలో చాలా రాష్ట్రాలకు తెలుసు. ఒకప్పుడు ఎక్కడెక్కడి పిల్లలో మన ఊరి పలక మీద అక్షరాలు దిద్దారు. మన నేలలో దొరికే రాయి అట్లాంటిది. వంద కోట్ల ఏళ్లకు పైగా వయసున్న రాయి అది. అవునక్కా, వంద కోట్లే! ఒకప్పుడు అది నీళ్ల అడుగున పేరుకున్న సన్నటి బురద. భూమి లోపల ఒత్తిడికి అణిగి అణిగి రాయి అయింది. ఉలి పెట్టి కొడితే పొరలు పొరలుగా చీలుతుంది. ఆ గుణం వల్లే అది పలకకు పనికొచ్చింది.

పని ఎట్లా జరుగుతుందో మీలో సగం మందికి నాకంటే బాగా తెలుసు. తెలియని వాళ్ల కోసం చెబుతాను. గనిలో నుంచి రాయి తీస్తారు. దాన్ని పల్చగా చీలుస్తారు. కొలత ప్రకారం కోస్తారు. రెండు వైపులా రుద్ది నునుపు చేస్తారు. చుట్టూ చెక్క చట్రం బిగిస్తారు. డజన్ల లెక్కన కట్టలు కడతారు. ఎక్కువగా రాయి తీసేదీ, చీల్చేదీ మగవాళ్లు. రుద్దేదీ, చట్రం బిగించేదీ ఆడవాళ్లూ, పిల్లలూ.

మా అమ్మ రుద్దే పని చేసేది. నాకు తెలివి వచ్చేటప్పటికి ఆమె వేళ్ల మీద గీతలు లేవు. మీరు నవ్వకండి, నిజం. రాయి రుద్ది రుద్ది వేళ్ల కొసలు నున్నగా అయిపోయాయి. ఒకసారి రేషన్ షాపులో వేలు పెట్టమన్నారు. మిషన్ తీసుకోలేదు. మళ్లీ పెట్టమన్నారు. మళ్లీ తీసుకోలేదు. "ఏం చేస్తావమ్మా నువ్వు?" అని అడిగాడు ఆ అబ్బాయి. "పలకలు చేస్తా" అంది అమ్మ. పలకలు చేసి చేసి ఆమెకు వేలిముద్ర కూడా పోయింది, సంతకమూ రాలేదు. ఇట్లాంటి వాళ్లు మన వీధిలో ఇంకా ఉన్నారు.

సాయంత్రం అమ్మ ఇంటికి వస్తే ఒళ్లంతా బూడిదరంగు దుమ్ము. రెప్పల మీద దుమ్ము, చెవుల్లో దుమ్ము. నేను, మా తమ్ముడు ఎదురు పోయి ఆమె కొంగు దులిపేవాళ్లం. మాకు అదొక ఆట. ఆ దుమ్ము ఏం చేస్తుందో అప్పుడు మాకెవరూ చెప్పలేదు.

నన్ను బడిలో వేసింది 2005లో. మా వీధి చివర సర్కారు బడి. అమ్మ షెడ్డులో మూల విరిగిన పలక ఒకటి అడిగి తెచ్చింది. అంచు గీరుకోకుండా గుడ్డ చుట్టి ఇచ్చింది. కొందరు పిల్లలు ప్లాస్టిక్ పలకలు తెచ్చారు. రంగు పూసల పలకలు! నాకు ఏడుపొచ్చింది. మా పంతులమ్మ నా పలక చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇది ఎవరు ఇచ్చారు?" అంది. "మా అమ్మ చేసింది" అన్నాను. ఆమె ఆ పలక పైకెత్తి అందరికీ చూపించింది. "ఈ పలక వీళ్ల అమ్మ చేసిందట. మీ పలకలు ఎవరు చేశారో మీకు తెలుసా?" అని అడిగింది. ఎవరికీ తెలియదు. ఆ రోజు నేను పలకను గుండెకు ఆనించుకుని ఇంటికి నడిచాను.

పలక తెల్లబడితే ఏం చేసేవాళ్లమో గుర్తుందా? బొగ్గు నూరి, దొండాకు పసరు కలిపి రుద్దేవాళ్లం. ఎండలో పెట్టేవాళ్లం. ఆరేదాకా దాని చుట్టూ గంతులు వేసేవాళ్లం. ఆరినాక నల్లగా నిగనిగలాడేది. దాని మీద అక్షరం ముత్యం లాగా కనపడేది. బలపం ముక్కల కోసం మాత్రం రోజూ తగాదాలే. బలపం తినే పిల్లలు కూడా ఉండేవాళ్లు. మా తమ్ముడు వాళ్లకు నాయకుడు. (ఇప్పుడు వాడు హైదరాబాదులో డ్రైవరు. ఈ మాట చెప్పానని తెలిస్తే నా మీద పోట్లాటకు వస్తాడు.)

మధ్యాహ్నం బడిలో అన్నం పెట్టేవారు. మన రాష్ట్రంలో 2003 నుంచి బళ్లలో వండి పెట్టడం మొదలైంది. మా వీధి పిల్లలు చాలామంది ఆ అన్నం కోసమే బడికి వచ్చారు. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. అన్నం కోసం వచ్చిన పిల్లకు అక్షరం కూడా అంటుకుంటుంది. గుడ్డు పెట్టే రోజు హాజరు ఎప్పుడూ ఎక్కువే. ఇప్పుడు టీచరుగా నేను అదే చూస్తున్నాను.

నీళ్లకు మాత్రం చాలా బాధపడ్డాం. మన పడమటి ప్రాంతం బాధ అందరికీ తెలిసిందే. బోరు నీళ్లు ఉప్పగా ఉండేవి. వాటిలో ఫ్లోరైడు. లీటరు నీళ్లలో అది ఒకటిన్నర మిల్లీగ్రాము దాటితే పళ్లకు, ఎముకలకు చేటు. నాతో చదివిన పిల్లల పళ్ల మీద పసుపు చారలు ఉండేవి. ఫోటో తీస్తామంటే నోరు మూసుకునేవాళ్లు. శ్రీశైలం నీళ్లు నల్లమల కొండల్లో సొరంగం తవ్వి తెస్తారని, వెలిగొండ ప్రాజెక్టు అని, ప్రతి ఏడూ మా పంతులు గారు చెప్పేవారు. మేం ప్రతి ఏడూ నోట్సులో రాసుకునేవాళ్లం.

వీధికి ట్యాంకరు వచ్చే రోజు ఆడపిల్లల వరస ఖాళీగా ఉండేది. గమనించారా? మగపిల్లల వరస నిండుగా ఉండేది. ట్యాంకరు ఎప్పుడు వస్తుందో తెలియదు. పొద్దున రావచ్చు, మధ్యాహ్నం రావచ్చు. బిందె పెట్టుకుని ఎవరో ఒకరు కాపలా ఉండాలి. అమ్మ పనికి పోవాలి. నాయన పనికి పోవాలి. ఇంక ఎవరు మిగిలారు? ఎనిమిదేళ్ల ఆడపిల్ల. ఆడపిల్ల బడి మానిందంటే చదువు మీద ఇష్టం లేక అనుకుంటారు. బిందె వల్ల మానింది అని రిజిస్టరులో ఎవరూ రాయరు.

నా పక్కన కూర్చునే పిల్ల ఒకతె ఉండేది. లెక్కల్లో నాకంటే చురుకు. నేను వేళ్లు లెక్కపెట్టేలోగా ఆమె జవాబు చెప్పేది. ఐదో తరగతిలో సంక్రాంతి దాటినాక ఆమె రాలేదు. వాళ్ల అమ్మా నాయనా గుంటూరు వైపు మిరపకాయల కోతకు పోయారు. పిల్లను ఎవరి దగ్గర వదులుతారు? వెంట తీసుకుపోయారు. మూడు నెలల తర్వాత వచ్చింది. పరీక్షలు అయిపోయాయి. చేతులు మంటలని చూపించింది. మరుసటి ఏడు మళ్లీ పోయింది. ఆ తర్వాత బడి వైపు రాలేదు. పదిహేడేళ్లకే పెళ్లి చేశారు. ఇప్పటికీ లెక్కలు చెప్పేటప్పుడు నాకు ఆమె కూర్చున్న చోటు కనపడుతుంది.

ఇంక మా అమ్మ సంగతి. ఆమె సంగతి చెప్పకుండా నా చదువు సంగతి చెప్పలేను.

మా అమ్మ ఎనిమిదేళ్లకు షెడ్డులో చేరింది. ఆమె ఒక్కతే కాదు, ఆ కాలంలో మన ఊళ్లో చాలామంది పిల్లలు పలకల పనిలోనే ఉండేవాళ్లు. ఈ సంగతి ఢిల్లీ దాకా పోయింది. 1986లో బాలకార్మికుల చట్టం వచ్చింది. 1987లో కేంద్ర ప్రభుత్వం బాలకార్మికుల గురించి ఒక విధానం ప్రకటించింది. పిల్లలు ఎక్కువగా పనిచేసే చోట్లు కొన్ని ఎంచుకుంది. శివకాశిలో అగ్గిపెట్టెలు. ఫిరోజాబాదులో గాజులు. అలీగఢ్‌లో తాళాలు. మీర్జాపూరులో తివాచీలు. మధ్యప్రదేశ్‌లో మంద్‌సౌర్. ఆ వరసలోనే మన మార్కాపురం పలకలు.

మంద్‌సౌర్ అంటే ఏం ఊరో తెలుసా? బలపాలు చేసే ఊరు. ఒక ఊరు పలకలు చేస్తుంది. ఇంకో ఊరు బలపాలు చేస్తుంది. రెండు ఊళ్లలోనూ పిల్లలు బడిలో లేరు. ట్రైనింగులో ఉన్నప్పుడు ఈ సంగతి పుస్తకంలో చదివాను. మా ఊరి పేరు అందులో కనపడగానే నా ఒళ్లు ఝల్లుమంది. ఇంటికి వచ్చి అమ్మకు చదివి వినిపించాను. ఆమె విని, "మా పేర్లు కూడా రాశారా అందులో?" అని అడిగింది. లేదమ్మా, ఊరి పేరే రాశారు అని చెప్పాను.

ఆ విధానం కింద పని మాన్పించిన పిల్లల కోసం ప్రత్యేకంగా బళ్లు పెట్టారు. మా అమ్మ కూడా ఒక బళ్లో చేరింది. అప్పుడు ఆమెకు పదకొండేళ్లు. అన్నం పెట్టేవారు. చదువు చెప్పేవారు. అ, ఆ, ఇ, ఈ నేర్చుకుంది. క గుణింతం మొదలుపెట్టింది. అప్పుడు మా తాత మంచాన పడ్డాడు.

తాత రాయి చీల్చే పని చేసేవాడు. దగ్గు వచ్చింది. ఆయాసం వచ్చింది. నాలుగు అడుగులు వేస్తే కూర్చునేవాడు. అందరూ టి.బి. అనుకున్నారు. టి.బి. మందులు మింగాడు. తగ్గలేదు. ఆ మనిషి ఏడాది తిరిగేలోగా పోయాడు. ఇంట్లో పెద్దపిల్ల మా అమ్మే. కింద ముగ్గురు. ఆమె మళ్లీ షెడ్డుకు పోయింది. క గుణింతం అక్కడే ఆగిపోయింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఒక మాట చెప్పాలి. రాతి దుమ్ములో సిలికా అనే పదార్థం ఉంటుంది. అది కంటికి కనపడనంత సన్నగా ఉంటుంది. పీల్చిన దుమ్ము ఊపిరితిత్తుల్లో దిగి అక్కడే ఉండిపోతుంది. ఏళ్ల తరబడి పీల్చితే ఊపిరితిత్తులు గట్టిపడిపోతాయి. ఈ జబ్బును సిలికోసిస్ అంటారు. చూడటానికి టి.బి. లాగే ఉంటుంది. కానీ రెండూ ఒకటి కాదు. ఇది ఉన్నవాళ్లకు టి.బి. కూడా తొందరగా పట్టుకుంటుంది. సిలికోసిస్‌ను పూర్తిగా నయం చేసే మందు లేదు. రాకుండా చూసుకోవడమే మార్గం. రాయి తడిపి కోస్తే దుమ్ము తక్కువ లేస్తుంది. ముక్కుకు కొంగు కట్టుకుంటే చాలదు, సన్నటి దుమ్ము గుడ్డలో నుంచి దూరుతుంది. మీ ఇంట్లో ఎవరైనా రాయి పని చేసి దగ్గుతూ ఉంటే ఆస్పత్రికి తీసుకుపోండి. "ఈ మనిషి ఇన్నేళ్లు రాయి పని చేశాడు" అని డాక్టరుకు మీరే చెప్పండి. అడిగేదాకా ఆగకండి. ఈ జబ్బు పని వల్ల వచ్చే జబ్బు అని చట్టం కూడా ఒప్పుకుంటుంది. నష్టపరిహారం అడిగే హక్కు ఉంది.

మా తాతకు వచ్చింది ఏ జబ్బో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. అప్పుడు కాగితాలు దాచిన వాళ్లు లేరు. దాచినా చదివే వాళ్లు లేరు.

నేను ఏడో తరగతి పూర్తి చేసిన ఏడు. అది 2012. మా ఇంట్లో పెద్ద గొడవ జరిగింది. జేజి అంది, "ఆడపిల్లకు ఏడు చాల్లేమ్మా. షెడ్డులో కూర్చుంటే నాలుగు రూపాయలు వస్తాయి. రేపు పెళ్లికి పనికొస్తాయి." నాయన ఏమీ అనలేదు. నాయన ఏమీ అనలేదంటే జేజి మాటకు ఒప్పుకున్నట్టే. అప్పటికే చట్టం ప్రకారం ఆరేళ్ల నుంచి పద్నాలుగేళ్ల దాకా పిల్లలందరూ బడిలో ఉండాలి. 2010 ఏప్రిల్ 1 నుంచి ఆ చట్టం అమల్లో ఉంది. కానీ మా ఇంట్లో ఆ సంగతి ఎవరికి తెలుసు? నాకూ తెలియదు.

అమ్మ కూడా ఆ రోజు గట్టిగా ఏమీ అనలేదు. ఆమె మనసులో ఏముందో నాకు తెలియలేదు.

అమ్మ దగ్గర ఒక విరిగిన పలక ఉండేది. అది ఆమె లెక్కల పుస్తకం. ఒక డజను పలకలు పూర్తి అయితే మేకుతో ఒక గీత గీసేది. నాలుగు గీతలు నిలువుగా, ఐదోది అడ్డంగా. చదువు రాదన్న మాటే గానీ మా అమ్మకు లెక్క ఎప్పుడూ తప్పదు. డజనుకు పన్నెండు, పది డజన్లకు నూట ఇరవై, నోటి మీదే ఉండేవి. షెడ్డు మేస్త్రీ దగ్గర ఇంకో పుస్తకం. అందులో ఆయన అంకెలు వేసేవాడు. వారం చివర వేలిముద్ర వేయించుకుని కూలి ఇచ్చేవాడు. ఎన్నో ఏళ్లుగా అమ్మకు అనుమానం. తన గీతలకు, చేతికి వచ్చే డబ్బుకు పొంతన కుదరడం లేదు. కానీ పుస్తకంలో ఏముందో చూసేది ఎట్లా?

ఆ వారం కూలి ఇచ్చే రోజు అమ్మ నన్ను వెంట తీసుకుపోయింది. ఎందుకో చెప్పలేదు. "వచ్చి పక్కన నిలబడు" అంది. మేస్త్రీ పుస్తకం తెరిచాడు. అమ్మ వేలు పెట్టే ముందు నాతో అంది, "అమ్మీ, నా పేరు ఎదురుగా ఏముందో చదువు."

నేను చదివాను. ముప్పై ఎనిమిది డజన్లు.

అమ్మ కొంగులో నుంచి విరిగిన పలక తీసింది. గీతలు లెక్కపెట్టమంది. నేను లెక్కపెట్టాను. నలభై మూడు. ఐదు డజన్ల తేడా. అంటే అరవై పలకలు. ఆ వారం అమ్మ అరవై పలకలు ఊరికే రుద్దింది.

నా కాళ్లు వణికాయి. మేస్త్రీ అరుస్తాడనుకున్నాను. ఆయన అరవలేదు. పుస్తకం వైపు చూశాడు. నా వైపు చూశాడు. "లెక్క తప్పిందిలే" అన్నాడు. ముప్పై ఎనిమిది కొట్టేసి నలభై మూడు వేశాడు. ఆ వారం డబ్బు పూర్తిగా ఇచ్చాడు. వెనకటి వారాల సంగతి అమ్మ అడిగింది. దానికి ఆయన జవాబు చెప్పలేదు. అది ఇప్పటికీ రాలేదు.

వరసలో వెనక నిలబడ్డ ఆడవాళ్లు ఊరుకున్నారా? ఒక్కొక్కరూ "నాది కూడా చదువు పాపా, నాది కూడా చదువు" అని ముందుకు వచ్చారు. వాళ్ల దగ్గర గీతల పలకలు లేవు. కొందరు నోటి లెక్క చెప్పారు. ఆ రోజు నేను పదకొండు మంది పేర్లు చదివాను. పేరు ఎదురుగా అంకె చదివాను. పరీక్షలో కూడా నాకు అంత భయం వేయలేదు, అంత సంతోషమూ వేయలేదు.

ఇంటికి వచ్చినాక అమ్మ డబ్బు జేజి ముందు పెట్టింది. సంగతి చెప్పింది. జేజి చాలాసేపు మాట్లాడలేదు. వక్కాకు నములుతూ కూర్చుంది. తర్వాత, "దాన్ని చదువుకోనీ" అంది. అంతే. నేను ఎనిమిదో తరగతికి పోయాను. తర్వాత పది, ఇంటరు, ట్రైనింగు. మధ్యలో ఫీజులకు, బస్సు డబ్బులకు పడ్డ పాట్లు అందరి ఇళ్లలో ఉన్నవే. అవి చెబితే తెల్లారుతుంది.

ఇప్పుడు మన ఊళ్లో పలకల పని చాలా తగ్గిపోయింది. పిల్లలు ఒకటో తరగతి నుంచే నోటుబుక్కులు పట్టుకుంటున్నారు. ప్లాస్టిక్ పలకలు వచ్చాయి. మన రాయి ఇప్పుడు పెద్ద పెద్ద ఇళ్ల గోడలకు, నేలకు పోతోంది. విదేశాలకు కూడా పోతోంది. పలకలు తగ్గాయని నేను బాధపడను. పని పోయిన ఇళ్ల సంగతి మాత్రం వేరు. ఆ ఇళ్లకు బదులు పని ఎవరూ చూపించలేదు. ఇంకొక సంగతి. 2016లో చట్టం మార్చారు. పద్నాలుగేళ్ల లోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టుకోకూడదు. బడి అయినాక, సెలవుల్లో, ప్రమాదం లేని సొంత ఇంటి పనిలో సాయం చేయవచ్చు. అది కూడా వాళ్ల చదువు చెడకుండా. ఎవరైనా మీ పిల్లను పనికి పంపమని అడిగితే ఈ మాట చెప్పండి.

2011 జనాభా లెక్కల్లో అప్పటి మన ప్రకాశం జిల్లా ఆడవాళ్లలో నూటికి 53 మందికి చదువు వచ్చని రాశారు. ఏడేళ్లు దాటిన వాళ్ల లెక్క అది. మిగిలిన 47 మందిలో మా అమ్మ ఉంది. మీలో చాలామంది ఉన్నారు. 2011లో మిమ్మల్ని అడిగి రాసుకుపోయారు. ఈసారి లెక్కలకు వస్తే ఏం చెబుతారో మీ ఇష్టం!

పదో తరగతిలో ఉన్నప్పుడే అమ్మకు నేర్పాలని చూశాను. అన్నం తిన్నాక దీపం దగ్గర కూర్చోబెట్టేదాన్ని. పాపం, పొద్దున ఐదింటికి లేచిన మనిషి. బలపం చేతిలో ఉండగానే నిద్రపోయేది. ఈ కేంద్రం మొదలైనప్పుడు, "ఈ వయసులో నాకెందుకు?" అంది. నేనేమీ అనలేదు. ఒకరోజు ఆమె కంభం పోవాలని పొదిలి బస్సు ఎక్కింది. ఎటు పోతున్నదీ తెలిసేటప్పటికి ఎంత దూరమో పోయింది. దిగి, రోడ్డు మీద నిలబడి, ఇంకో బస్సు పట్టుకుని రాత్రికి ఇల్లు చేరింది. ఇంటికి రాగానే అడిగింది, "కంభం ఎట్లా రాస్తారు?" అని.

క. పక్కన సున్న. భ. పక్కన సున్న. కంభం.

చూడండి, ఎంత చిన్న మాటో! ఆమె మొదట రాసింది తన పేరు కాదు, కంభం. తర్వాత పొదిలి. తర్వాత దోర్నాల. గిద్దలూరుకు రెండు రోజులు పట్టింది. యర్రగొండపాలెం ఇంకా రాలేదు. ఇప్పుడు బస్టాండులో పక్కవాళ్లకు బోర్డులు చదివి పెడుతోంది. మూడో వరసలో తల వంచుకుని కూర్చుంది చూడండి, ఆమే మా అమ్మ. ఇంటికి పోయినాక నన్ను తిడుతుంది. పర్వాలేదు.

ఇంక నా సంగతులు చాలు. నాకు తెలుసు, మీ అందరి దగ్గరా ఇట్లాంటివి ఉన్నాయి. మిరప తోటల సంగతులు, గనుల సంగతులు, మేకల సంగతులు. శుక్రవారం వచ్చేటప్పుడు ఒక్కొక్కరూ చిన్నప్పటి సంగతి ఒకటి గుర్తు చేసుకుని రండి. ముందు నోటితో చెబుదురు. తర్వాత దాన్నే ఐదు వాక్యాల్లో రాద్దాం. తప్పులు వస్తే రానివ్వండి, తుడిచి మళ్లీ రాయవచ్చు. పలక ఉన్నది అందుకే కదా. పలక లేనివాళ్లు కొనవద్దు. మా ఇంట్లో ఇంకా నాలుగు ఉన్నాయి, తెస్తాను. అంచులు కాస్త విరిగినవే, చెయ్యి గీరుకోకుండా గుడ్డ చుట్టుకోవాలి.